ఇంటి భీమా ప్రీమియము: తగిన ధరను తెలిసికొను విధము

ఎద్దును కొనుటకు సంతకు పోయిన రైతు దాని పండ్లు చూచును, నడక చూచును, కాడి కట్టి చూచును. ప్రక్కనున్న నాలుగు జతల ధర విచారించి పిదప బేరమాడును. విత్తనములు కొనునపుడు గుప్పెడు నానవేసి మొలకెత్తునో లేదో పరీక్షించును. ఇట్టి వివేకము గల రైతే యింటికి భీమా చేయునపుడు మాత్రము ఏజంటు చెప్పిన మొత్తమును మాఱుమాటాడక చెల్లించుటయో, లేక “ఇది మన కేల?” యని మానివేయుటయో జరుగుచున్నది. రెండును నష్టదాయకములే. భీమా కంటికి కనబడు సరకు కాదు. ఆపద వచ్చిన నాటికి గాని దాని మేలుకీడులు తెలియవు. ఆనాడు తెలిసికొనినందున ప్రయోజనము లేదు. కావున కొనుటకు ముందే పరీక్షించు విధమును ఈ నెల పాఠముగా సభ్యుల ముం దుంచుచున్నాము. దీనికి గొప్ప లెక్కల పాండిత్యమక్కఱలేదు. గుణకారము, భాగహారము వచ్చిన చాలును.

ప్రీమియము అనగా నేమి?

వేయి యిండ్లు గల ప్రాంతమున ఏటేట ఏవో కొన్ని యిండ్లు అగ్నిచేతనో గాలివానచేతనో చెడుచుండును. ఏ యిల్లు చెడునో ముందుగా నెవ్వరికిని తెలియదు; ఎన్ని చెడునో మాత్రము పూర్వానుభవమును బట్టి సుమారుగా చెప్పవచ్చును. ఆ నష్టమును వేయిమందియు కొంచెము కొంచెముగా పంచుకొనుటయే భీమా. ఒక్కని నడుము విఱుగగొట్టు బరువు వేయి చేతులమీద పడిన తేలికయగును. ఇది మన సహకార ధర్మమునకు దగ్గఱి చుట్టము. ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున సహకారులు 1867లో తమ సంఘముల ఆస్తులకు తామే భీమా చేసికొనుటకై యొక కంపెనీని స్థాపించుట యీ సంబంధమును ఎఱిగియే.

మనము చెల్లించు ప్రీమియములో నాలుగు పాళ్లుండును. మొదటిది, సంభవింపగల నష్టమునకై తీసియుంచు భాగము. రెండవది, కంపెనీ ఖర్చులును ఏజంటు కమీషనును. మూడవది, కంపెనీ లాభము. నాల్గవది, ప్రభుత్వపు పన్ను. మొదటి భాగము ఇంటి స్వభావమును, ఉన్న చోటును బట్టి మాఱును. లండను నగరము 1666లో కాలిపోయిన తరువాత, 1680 ప్రాంతమున నికొలాస్ బార్బన్ అనునాతడు అగ్ని భీమా వ్యాపారము ప్రారంభించినపుడు ఇటుక యింటికంటె కొయ్య యింటికి రెట్టింపు తీసికొనెను. ఆ న్యాయము నేటికిని చెల్లుచున్నది. రెండవ మూడవ భాగములు కంపెనీకిని కంపెనీకిని మాఱును. ప్రీమియము తగినదా యని అడుగుట యనగా, మన యింటికి తగిన నష్టభాగమునకు మించి ఎంత తీసికొనుచున్నారని విచారించుటయే.

ధరలు వేఱువేఱుగా నుండుటకు కారణము

పూర్వము మన దేశమున అగ్ని భీమా ధరలను టారిఫ్ సలహా సంఘము నిర్ణయించెడిది. ఏ కంపెనీకి పోయినను ఒకే యింటికి ఒకే రేటు. బేరమునకు తావు లేకుండెను. 2007 జనవరి 1వ తేదీనుండి ఆ కట్టుబాటు తొలగి, ఎవరి ధర వారు వేసికొనుటకు వీలు కలిగెను. ఆ పిమ్మట ధరలు చాలవఱకు తగ్గినవి. కాని అందఱికిని ఒకే విధముగా తగ్గలేదు. అడిగినవానికొక ధర, అడుగనివానికొక ధర యనునది భీమాలోను వచ్చెను.

పోల్చి చూచుట కింకొక చిక్కుండెను. ఒక్కొక్క కంపెనీ పాలిసీలో ఒక్కొక్క విధమైన షరతులుండుటచేత, ధాన్యమును ఒకడు కుంచములతోను ఇంకొకడు శేర్లతోను కొలిచినట్లు, ఏది చౌకయో తెలియకుండెను. ఈ చిక్కును తీర్చుటకై భీమా నియంత్రణ సంస్థ ‘భారత్ గృహ రక్ష’ యను ఒకే నమూనా పాలిసీని ఏర్పఱచి, అగ్ని భీమా చేయు కంపెనీలన్నియు 2021 ఏప్రిలు 1 నుండి దీనిని అమ్మవలెనని ఆజ్ఞాపించెను. కొలపాత్ర యొకటే, ధర మాత్రము ఎవరిది వారిది. రైతునకు పోల్చి చూచుట కింతకంటె అనుకూలమైన సాధనము లేదు. కావున ఏ కంపెనీ నడిగినను మొదట ఈ నమూనా పాలిసీకే ధర చెప్పుమని కోరవలెను.

నమూనా పాలిసీలో నున్నవి, లేనివి

అగ్ని, పిడుగు, ప్రేలుడు, భూకంపము, తుపాను, గాలివాన, వఱద, ముంపు, కొండచఱియలు విఱిగిపడుట, నేల క్రుంగుట, బయటి వాహనాదులు తగిలి కలుగు నష్టము, అల్లరులు, సమ్మెలు, దురుద్దేశముతో చేసిన నష్టము, ఉగ్రవాద చర్యలు, నీటి తొట్టెలును గొట్టములును పగిలి కలుగు నష్టము: ఇవన్నియు దీనిలో చేరియున్నవి. ఇంటికి భీమా చేసిన మొత్తములో నూటికి 20 వంతున, రూ. 10 లక్షలకు మించకుండ, ఇంటిలోని సామానునకు ప్రత్యేకముగా జాబితా యియ్యకయే రక్షణ కలుగును. ఎక్కువ కావలెనన్న జాబితా యిచ్చి చేర్పించుకొనవచ్చును. ఇల్లు నివాసమునకు పనికిరాకపోయిన, మరల కట్టుకొను కాలములో వేఱొక యింటికి చెల్లించు అద్దెయు, శిథిలములు తొలగించుటకు క్లెయిములో నూటికి 2 వఱకును, ఇంజనీరు మొదలగువారి రుసుములకు నూటికి 5 వఱకును లభించును.

లేని వానిని ఇంకను శ్రద్ధతో చదువవలెను. దొంగతనము దీనిలో స్వతంత్రముగా లేదు. తుపానో అగ్నియో సంభవించి, దాని కారణముగా 7 దినములలోపల జరిగిన దొంగతనమునకే నష్టపరిహారము కలదు. ఇంట ఎవ్వరును లేని రాత్రి గోడకు కన్నము వేసినచో దీనివలన ఏమియు రాదు. దానికి వేఱు భీమా కావలెను. నగలు కోరి చేర్పించుకొననిదే చేరవు. విద్యుత్తు ఎక్కువై మోటారో టెలివిజనో తనంతట తాను మాడిపోయిన, ఆ యంత్రము నష్టము దీనిలోనికి రాదు. దానినుండి నిప్పంటుకొని ఇతర సామాను కాలిన అది వచ్చును. పశువులకు వేఱు భీమా, ట్రాక్టరునకు వేఱు భీమా కలవు. అమ్మకమునకై నిలువచేసిన ధాన్యము, మిరప, ప్రత్తి మొదలగునవి గృహోపకరణములు కావు. వానిని గూర్చి కంపెనీనుండి వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను. రైతు ఇంటిలో నివాసమును వ్యవసాయ సరకును ఒక కప్పు క్రిందనే యుండుటచేత ఈ విషయమున పొరబడుట సులభము.

మొదటి మెట్టు: భీమా మొత్తమును సరిగా నిర్ణయించుట

ధరను విచారించుటకు ముందు ఎంత మొత్తమునకు భీమా చేయవలెనో తేల్చుకొనవలెను. ఇల్లు అమ్మిన ఎంత వచ్చునని ఆలోచింపరాదు. స్థలము కాలిపోదు, కొట్టుకొనిపోదు. దానికి భీమా అక్కఱలేదు. అదే యింటిని నేడు మరల కట్టుటకు ఎంత యగునో అదియే భీమా మొత్తము.

లెక్క యిట్లు చేయవలెను. ఇంటి లోపలి వైశాల్యమును కొలిచి, మీ యూరి మేస్త్రీనో ఇంజనీరునో చదరపు అడుగునకు నేటి నిర్మాణపు ఖర్చు అడిగి, రెంటిని గుణింపవలెను. ఉదాహరణమునకు లోపలి వైశాల్యము 1,000 చదరపు అడుగులు, ఖర్చు అడుగునకు రూ. 1,800 అయినచో, భీమా మొత్తము రూ. 18,00,000. ప్రహరీ గోడ, నీటి తొట్టె, సౌరఫలకములు మొదలగునవి యున్న వాని వెలయు చేర్పవలెను. సామానునకు దానంతట నదే వచ్చునది 18,00,000లో నూటికి 20, అనగా రూ. 3,60,000. ఇప్పుడు ఇంటిలో గదివెంట గది తిరిగి మంచములు, బీరువాలు, ఫ్రిజ్జు, పాత్రలు, బట్టలు, కుట్టు యంత్రము మొదలగువానిని వ్రాసి, నేటి ధరతో కూడవలెను. కూడిక 3,60,000కు లోబడియున్న, ఎక్కువ సామానునకై మఱియొక ప్రీమియము చెల్లింపనక్కఱలేదు. చాల గ్రామపు ఇండ్లకు ఈ మొత్తమే సరిపోవును. అయినను ఏజంట్లు సామాను భీమాను వేఱుగా చూపి వెల పెంచుట కలదు.

రెండవ మెట్టు: ధరలను ఒకే కొలతకు తెచ్చుట

ఇప్పుడు తక్కువలో తక్కువ మూడు కంపెనీలనుండి ధర చెప్పించుకొనవలెను. చెప్పిన మొత్తములను ఉన్నవి యున్నట్లు పోల్చరాదు. పన్నును తీసివేసి, అదనపు రక్షణల వెలను విడదీసి, మిగిలినదానిని భీమా మొత్తములోని వేయి రూపాయలకు ఎంత పడునో కట్టవలెను. ఈ పాఠమునకు ప్రాణము ఇదియే. భీమాపై జి.ఎస్.టి. 2017 జూలై 1 నుండి నూటికి 18 వంతున వచ్చెను. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తుల జీవిత, ఆరోగ్య భీమాలకు పన్ను తీసివేసిరి గాని, ఇంటి భీమాకు ఆ మినహాయింపు ఇయ్యలేదు. కావున పన్నుతో చేర్చి చెప్పిన మొత్తమును 118చే భాగించి 100చే గుణించిన, పన్ను లేని ప్రీమియము వచ్చును.

ఈ క్రింది అంకెలు లెక్క నేర్చుకొనుటకై మేము కల్పించినవి. ఏ కంపెనీ ధరలును కావు. పైన చెప్పిన యింటికే నలుగురు ధర చెప్పిరనుకొందము.

1. మొదటి కంపెనీ: భీమా మొత్తము రూ. 18,00,000, ఏటికి ప్రీమియము రూ. 1,080, పన్ను రూ. 194.40, చెల్లించునది రూ. 1,274.40.

2. రెండవ కంపెనీ: భీమా మొత్తము రూ. 12,00,000, ప్రీమియము రూ. 800, పన్ను రూ. 144, చెల్లించునది రూ. 944.

3. మూడవ కంపెనీ: భీమా మొత్తము రూ. 18,00,000, ప్రీమియము రూ. 2,200, పన్ను రూ. 396, చెల్లించునది రూ. 2,596. దీనిలో దొంగతనపు భీమాయు, నగల భీమాయు చేరియున్నవి.

4. నాల్గవ కంపెనీ: భీమా మొత్తము రూ. 18,00,000, పది యేండ్లకు ఒకేసారి ప్రీమియము రూ. 8,000, పన్ను రూ. 1,440, చెల్లించునది రూ. 9,440.

పైకి చూచినచో రెండవది అన్నిటికంటె చౌక. కాని వేయికి రేటు కట్టుదము. మొదటిది 1,080ని 1,800చే భాగించిన 60 పైసలు. రెండవది 800ను 1,200చే భాగించిన సుమారు 67 పైసలు. ఆ రేటున 18,00,000కు భీమా చేసినచో పన్నుతో రూ. 1,416 అగును. కావున చౌకగా కనబడినదే ప్రియము. తక్కువ కొలిచి తక్కువ వెల చెప్పుట చౌక కాదు. పైగా సామానునకు దానిలో వచ్చునది 12,00,000లో నూటికి 20, అనగా 2,40,000 మాత్రమే.

మూడవ కంపెనీని వేఱువేఱుగా వెల వ్రాసి యిమ్మని కోరవలెను. ఇంటికి 1,170, దొంగతనమునకు 430, నగలకు 600 అని వారు విడదీసి వ్రాసిరనుకొందము. అప్పుడు ఇంటి రేటు 65 పైసలని తేలును. ఇది మొదటిదానికంటె కొంచెము హెచ్చేగాని, 2,596ను చూచి మనము భయపడినంత హెచ్చు కాదు. నగలు బ్యాంకు లాకరులో నుండిన ఆ 600 అక్కఱలేదు. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ యన్న సామెత మనకు తెలిసినదే. ఇక్కడ కొసరునకు కూడ వెల పెట్టవలసి యున్నది. విడదీసి వ్రాయుటకు ఒప్పుకొనని కంపెనీ ధరను లెక్కలోనికి తీసికొనకుండుటయే మేలు.

నాల్గవది ఏటికి 800, వేయికి 44 పైసలు పడుచున్నది. ఇంకొక లాభము కలదు: నమూనా పాలిసీని ఒక యేటికి మించి తీసికొనినచో ఇంటి భీమా మొత్తము, అదనపు ప్రీమియము లేకయే, ఏటేట మొదటి మొత్తములో నూటికి 10 వంతున పెరుగును, ఇట్లు రెట్టింపు వఱకు పెరుగవచ్చును. 18 లక్షల భీమా ఐదవ యేట 25 లక్షల 20 వేలగును. సిమెంటు, ఇనుము, కూలి పెరుగుచున్న కాలమున ఇది చిన్న సంగతి కాదు. అయినను 9,440 రూపాయలు నేడే చెల్లింపవలెను. ఆ సొమ్మును నూటికి 12 వడ్డీకి అప్పు తెచ్చినచో మొదటి సంవత్సరపు వడ్డీయే రూ. 1,132.80, ఇది మొదటి కంపెనీ యేటి ప్రీమియమునకు ఇంచుమించు సమానము. కాబట్టి పంట సొమ్ము చేతనున్నవానికి ఇది మంచిది. అప్పు చేసి కట్టవలసినవానికి ఏటేటి పాలిసీయే మేలు. నడుమ రద్దు చేసికొనిన ఎంత తిరిగి వచ్చునో కూడ ముందే అడుగవలెను.

మూడవ మెట్టు: న్యాయమైన భేదములను గుర్తించుట

రెండిండ్ల ప్రీమియములలో భేదమున్నంతమాత్రమున మోసమనరాదు. తాటాకు, గడ్డి, వెదురు కప్పుగల యింటికిని కాంక్రీటు కప్పుగల యింటికిని అగ్ని భయము సమానము కాదు. సముద్రపు టొడ్డునను, ఏటి గట్టునను ఉన్న యింటికిని మెట్ట నడుమనున్న యింటికిని నీటి భయము సమానము కాదు. భూకంపపు మండలమును బట్టియు రేటు మాఱును. కావున బాపట్ల దగ్గఱనున్న రైతు తన ప్రీమియమును హైదరాబాదులో కాపురమున్న అల్లుని ప్రీమియముతో పోల్చరాదు. తన యూరనే, తనవంటి కప్పుగల యింటి ప్రీమియముతో పోల్చవలెను.

మన ప్రాంతమున ఆపద దూరము కాదని చెప్పుటకు సాక్ష్యములు కావలసినన్ని యున్నవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వఱద, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును కొట్టిన హుద్‌హుద్, 2023 డిసెంబరు 5న బాపట్లవద్ద తీరము దాటిన మిచాంగ్, 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునుగుట మనమెఱిగినవే. భూకంపము మనకు రాదనుకొనువారు 1969 ఏప్రిలులో భద్రాచలము, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతము కంపించుటను స్మరింపవలెను. ప్రభుత్వ సహాయమున్నదిగదా యని కొందఱందురు. 2022–26 కాలపు విపత్తు సహాయ నియమములలో మైదాన ప్రాంతమున పూర్తిగా కూలిన యింటికి నిర్ణయించినది రూ. 1,20,000. మన యుదాహరణములోని యింటికి అది పదునైదవ వంతు మాత్రమే.

చౌక ధర వెనుక దాగియుండునవి

నమూనా పాలిసీ కాని ఇతర పాలిసీలకు ఒకడు మిక్కిలి తక్కువ ధర చెప్పినచో ఈ నాలుగు విషయములను విచారింపవలెను.

ఒకటి: తుపాను, వఱద రక్షణలు ఉన్నవా? పూర్వపు టారిఫ్ కాలమునుండియు వీనిని తీసివేసి రేటు తగ్గించు పద్ధతి యుండెను. కోస్తా రైతునకు వఱద లేని పాలిసీ తడక లేని పాకవంటిది.

రెండు: ప్రతి నష్టములోను మొదటి కొంత భాగమును ఇంటివాడే భరింపవలెనను షరతు ఉన్నదా? దీనిని ఎక్సెస్ అందురు. ఇది హెచ్చుగా నున్న చిన్న నష్టములకు ఏమియు రాదు.

మూడు: నష్టము కట్టునపుడు క్రొత్త కట్టడపు ఖర్చు నిత్తురా, పాతబడినందుకు తగ్గించి యిత్తురా? ఇరువది యేండ్ల యింటికి ఈ రెంటి నడుమ చాల భేదముండును.

నాలుగు: తక్కువ మొత్తమునకు భీమా చేసినపుడు నష్టమును ఆ నిష్పత్తిలో కోసివేయుదురా? 18 లక్షల యింటికి 9 లక్షలకే భీమా చేసి, 4 లక్షల నష్టము కలిగినదనుకొందము. ఈ షరతున్న పాలిసీలో సగమే, అనగా 2 లక్షలే వచ్చును. నమూనా పాలిసీలో ఈ కోత లేదు. 4 లక్షలును వచ్చును. అయితే ఇల్లు పూర్తిగా కూలినచో ఏ పాలిసీలోనైనను 9 లక్షలకు మించి రాదు. కోత లేదుగదా యని బుద్ధిపూర్వకముగా సగమునకు భీమా చేయుట, పెద్ద ఆపదనాడు సగము గోడలతో నిలుచుటయే యగును.

ఇంటికి తాళమువేసి నెలల తరబడి వలస పోవు కుటుంబములవారు, ఖాళీగా నున్న యింటికి రక్షణ యెట్లుండునో ప్రత్యేకముగా అడిగి వ్రాయించుకొనవలెను.

ప్రియమైన ధర వెనుక దాగియుండునవి

స్థలపు విలువను కూడ చేర్చి భీమా మొత్తమును పెంచుట మొదటి దోషము. హెచ్చు మొత్తమునకు చేసినను వాస్తవ నష్టమునకు మించి రాదు. ఒకే యింటికి రెండు పాలిసీలుండుట రెండవ దోషము. ఇంటి అప్పు తీసికొనినపుడు బ్యాంకువారు భీమా చేయించియుందురు. ఆ సంగతి మఱచి ఇంకొకటి కొనువారు కలరు. రెండుచోట్ల చెల్లించినను నష్టము రెండుసార్లు రాదు. కంపెనీలు ఆ యొక్క నష్టమునే పంచుకొనును. కావున మొదట అప్పు కాగితములు వెదకి చూడుడు.

అప్పుతోపాటు ఫలానా కంపెనీ పాలిసీనే కొనవలెనని నిర్బంధించుట మూడవ దోషము. తాకట్టు ఇంటికి భీమా కోరుట న్యాయమే. కాని కంపెనీని ఎంచుకొను హక్కు ఇంటివానిదే. బ్యాంకులును కొన్ని సహకార సంస్థలును భీమా అమ్మి కమీషను పొందుచున్నవి. దీనిలో తప్పు లేదు. అయినను అమ్మువాడు తన సంఘమువాడే యైనను సభ్యుడు మూడు ధరలు అడుగుటకు సంకోచింపరాదు. అడిగినందుకు సంఘము చిన్నబుచ్చుకొనరాదు. సభ్యుని యిల్లు నిలుచుటయే సంఘమునకు నిజమైన కమీషను.

ధరతోపాటు చూడవలసినవి

రెండు కంపెనీల రేట్ల నడుమ భేదము వేయికి ఐదాఱు పైసలే యైనచో, మన యుదాహరణములోని యింటికి ఏటికి సుమారు నూఱు రూపాయల భేదమే పుట్టును. అప్పుడు ధరను విడిచి నడవడికను చూడవలెను. గతపు తుపానులో ఆ కంపెనీ సర్వేయరు ఎన్నాళ్లకు వచ్చెను? క్లెయిములో ఎంత యిచ్చెను? ఎన్ని పర్యాయములు త్రిప్పెను? ఈ ప్రశ్నలకు జవాబులు మన చుట్టుప్రక్కల గ్రామములలోనే దొరకును. భేదము మూడవ వంతునకు మించినచో కారణము తెలియనిదే సొమ్ము చెల్లింపరాదు. ఏదియో రక్షణ తగ్గియైన నుండును, లేక వెల హెచ్చియైన నుండును.

ప్రీమియము ముందుగా కంపెనీకి చేరనిదే భీమా బాధ్యత ప్రారంభము కాదని 1938 నాటి భీమా చట్టములోని 64వి.బి. సెక్షను చెప్పుచున్నది. ఏజంటు చేతికిచ్చిన నోటితో ఇల్లు రక్షింపబడినదని తలంపక, రసీదును పాలిసీని చేత పట్టుకొనవలెను. తుపాను హెచ్చరిక వెలువడిన తరువాత పరుగెత్తుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటయే. పాలిసీ తీసికొనిన దినమున ఇంటిని, సామానును చేతి ఫోనుతో ఫొటోలు తీసి, మఱియొక యూరనున్న బంధువునకు పంపియుంచిన అవి సాక్ష్యముగా నుండును.

క్లెయిమును అన్యాయముగా త్రోసివేసినచో మొదట కంపెనీకి వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను. ఒక నెలలో జవాబు రానిచో, లేక వచ్చిన జవాబు తృప్తికరము కానిచో, హైదరాబాదులోని భీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాసికొనవచ్చును. దీనికి రుసుము లేదు; వకీలును అక్కఱలేదు. కంపెనీ నిరాకరించిన నాటినుండి ఒక సంవత్సరములోపల వ్రాయవలెను.

సంఘములు చేయదగినది

ఒక్క రైతు ధర యడిగినచో వినువారు తక్కువ. ఒక గ్రామపు ఏబది మంది సభ్యులు తమ యిండ్ల కొలతలు, కప్పుల రకములు వ్రాసి సంఘము ద్వారా మూడు కంపెనీలకు ఒకే పత్రము పంపినచో, వచ్చు ధరలు పోల్చుటకు సులభముగా నుండును; తగ్గింపు అడుగుటకును బలము కలుగును. వచ్చిన రేట్లను వేయికి ఇంతయని కట్టి సంఘ కార్యాలయపు గోడమీద అంటింపవలెను. గత యేడు మంచిదైన ధర ఈ యేడు మంచిది కాకపోవచ్చును. కావున ప్రతి రెన్యూవలుకు ఒక నెల ముందు ఈ పని మరల చేయవలెను.

పాఠ సారాంశము

మొదట మరల కట్టుటకగు ఖర్చును కట్టుడు; స్థలమును విడువుడు. ఒకే మొత్తమునకు, ఒకే నమూనా పాలిసీకి మూడు ధరలు తెప్పింపుడు. పన్నును, అదనపు రక్షణలను తీసివేసి వేయికి రేటు కట్టుడు. మీవంటి యింటితోనే పోల్చుడు. రేట్లు దగ్గఱగా నున్న మంచి పేరుగల కంపెనీని, దూరముగా నున్న కారణమును వెదకుడు.

అభ్యాస ప్రశ్నలు

1. లోపలి వైశాల్యము 800 చదరపు అడుగులు, నిర్మాణపు ఖర్చు అడుగునకు రూ. 1,500 అయినచో ఇంటి భీమా మొత్తమెంత? నమూనా పాలిసీలో సామానునకు దానంతట వచ్చునదెంత?

2. ఆ యింటికి పన్నుతో రూ. 885 అడిగినచో పన్ను లేని ప్రీమియమెంత? వేయికి రేటెంత?

3. మీ యింట ఇప్పుడున్న పాలిసీలో, లేక అప్పు కాగితములలో, వఱద రక్షణ యున్నదా? చూచి వ్రాసి, రాబోవు సభకు తెండు.

మొదటి ప్రశ్నకు జవాబు రూ. 12,00,000, రూ. 2,40,000. రెండవదానికి రూ. 750, వేయికి సుమారు 62 పైసలు. మూడవదానికి జవాబు మీ పెట్టెలోనే యున్నది.